యాడ్ ఫిల్ముల నుంచి ‘అంకుర్’ దాకా: శ్యామ్ బెనెగల్ నడిచిన దారి

(పాలకొల్లులో ‘అంకుర్’ ప్రదర్శనకు ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారమండి. పెద్దలకు, మాస్టార్లకు, భీమవరం నుంచి, నరసాపురం నుంచి, చించినాడ వంతెన దాటి రాజోలు వైపు నుంచి వచ్చిన మిత్రులకు, వెనకాల గోడకి ఆనుకుని నిలబడ్డ కుర్రాళ్లకు కూడా. ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి బాబూ, వచ్చి కూర్చోండి. సినిమా రెండు గంటల పైనే ఉంటుంది, కాళ్లు పీకుతాయి.

పాలకొల్లులో సినిమా గురించి మాట్లాడటం అంత తేలిక కాదు. అల్లు రామలింగయ్య గారిది ఈ ఊరే. దాసరి నారాయణరావు గారు, కోడి రామకృష్ణ గారు ఇక్కడివాళ్లే. డైరెక్టర్ కావాలంటే అసిస్టెంటుగా ఎన్నేళ్లు తిరగాలో, ఎన్ని పూటలు పస్తుండాలో ఈ ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. నాటకాలాడి, మద్రాసు రైలెక్కి, కోడంబాకంలో ఒక గది చూసుకుని, ఎవరో ఒకరి దగ్గర చేరి పైకొచ్చిన దారి అది. ఆ దారంటే నాకు చాలా గౌరవం. ఇవాళ మాత్రం ఇంకో దారి గురించి చెబుతాను. సబ్బులకీ నూనెలకీ ప్రకటనలు రాస్తూ, తీస్తూ సినిమా నేర్చుకున్న మనిషి దారి.

శ్యామ్ బెనెగల్ గారు 2024 డిసెంబరు 23న ముంబైలో కన్నుమూశారు. అంతకు తొమ్మిది రోజుల ముందే ఆయనకు 90 నిండాయి. మర్నాడు పేపర్లన్నీ ఆయన్ని సమాంతర సినిమాకు, అంటే వ్యాపార సినిమాకు పక్కగా వేరే దారిలో నడిచిన సినిమాకు, పెద్దదిక్కుగా చెప్పుకున్నాయి. ఫాల్కే అవార్డు గురించి, పద్మభూషణ్ గురించి రాశాయి. అన్నీ నిజమే. అయితే చాలా వ్యాసాల్లో ఒక్క వాక్యం మాత్రం గబగబా దాటిపోయింది, ఆయన మొదట యాడ్ ఏజెన్సీలో పనిచేశారని. పెద్దమనిషి చిన్నప్పుడు చేసిన చిల్లర పని గురించి చెప్పినట్టు చెప్పి వదిలేశారు. నాకు అది బాధ కలిగించింది. ఆయన సినిమాలు అలా ఎందుకున్నాయో తెలియాలంటే నిలబడి చూడాల్సింది అక్కడే.

ఆయన మన తెలుగు నేల మీద పుట్టినవాడే. సికింద్రాబాద్ తిరుమలగిరిలో, 1934లో. ఇంట్లో మాట్లాడుకునేది కొంకణి. నాన్నగారు శ్రీధర్ బెనెగల్ ఫొటోగ్రాఫర్. ఇంట్లో కెమెరా ఉంది కాబట్టి 12 ఏళ్లకే ఒక చిన్న సినిమా తీశాడు. ఉస్మానియాలో ఎకనామిక్స్ ఎం.ఏ. చదివాడు, హైదరాబాద్ ఫిల్మ్ సొసైటీ పెట్టాడు. గురుదత్ ఆయనకి వరసకు అన్న. అంత పెద్ద దర్శకుడు బంధువై ఉండగా బొంబాయి వెళ్లిన కుర్రాడు ఆయన దగ్గర అసిస్టెంటుగా చేరతాడనుకుంటాం. చేరలేదు. 1959లో లింటాస్ అనే ఏజెన్సీలో కాపీరైటర్‌గా చేరాడు.

లింటాస్ అంటే లీవర్ కంపెనీ తన సరుకుల ప్రకటనల కోసం పెట్టుకున్న ఏజెన్సీ. కాపీరైటర్ పని ప్రకటనలో మాట రాయడం. మాట రాస్తూ రాస్తూ బెనెగల్ తీయడంలోకి వచ్చారు. జీవితం మొత్తంలో ఆయన తీసిన ప్రకటన చిత్రాలు, డాక్యుమెంటరీలు కలిపి 900 దాటాయి. ఆ అంకె దగ్గర కాస్త ఆగుదాం.

ఆ రోజుల్లో టీవీలో ప్రకటనలు లేవు. దూరదర్శన్‌లో వ్యాపార ప్రకటనలు మొదలైందే 1976 జనవరి 1న. అంతకుముందు ప్రకటన చిత్రం అంటే సినిమా హాల్లో పడాల్సిందే. ఇక్కడ పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. హాల్లో లైట్లు ఆరగానే ముందు గాజు పలకల మీద రాసిన స్లైడ్లు, ఊళ్లో బట్టల కొట్టు, కిరాణా కొట్టు, మందుల షాపు. తర్వాత ఫిల్మ్స్ డివిజన్ న్యూస్ రీలు. దాని వెనక సబ్బు, టూత్‌పేస్టు, తలనొప్పి మాత్ర. ఆ టైములో హాలెలా ఉంటుందండీ? టార్చి లైటు పట్టుకుని సీటు చూపించేవాడు అడ్డంగా తిరుగుతుంటాడు. పిల్లాడు ఏడుస్తుంటాడు. నేల టికెట్టు వాళ్లు ఇంకా చోటు సర్దుకుంటుంటారు. ఆ ప్రకటన చూడటానికి టికెట్టు కొన్నవాడు హాల్లో ఒక్కడుండడు. తల తిప్పి మాట్లాడుకునే వాళ్ల తల తెర వైపు తిప్పాలి, అదీ ఒక నిమిషంలో.

ఒక నిమిషమంటే ఫిల్ము లెక్కలో ఎంతో చెబుతాను. 35 ఎం.ఎం. ఫిల్ము సెకనుకి 24 ఫ్రేములు నడుస్తుంది. అడుగుకి 16 ఫ్రేములు. అంటే నిమిషానికి 90 అడుగులు. అరనిమిషం ప్రకటన అంటే 45 అడుగులే. ఆ 45 అడుగుల్లో మనిషిని పరిచయం చెయ్యాలి, వాడి ఇల్లు చూపించాలి, వాడికేం కావాలో చెప్పాలి, సరుకు చూపించాలి. రెండు అడుగులు వృథా అయితే క్లయింటు ఊరుకోడు, ఇదెందుకు, అదెందుకు అని అడుగుతాడు. ప్రతి షాటుకీ జవాబు చెప్పాల్సి వచ్చిన చోట పదేళ్లు పైగా పనిచేసినవాడికి, మూడు గంటల సినిమా చేతికిచ్చినా షాటు అనవసరంగా పెట్టాలంటే చెయ్యాడదు. ‘అంకుర్’ చూసేటప్పుడు ఈ సంగతి గమనించండి. నెమ్మదైన సినిమాయే. కానీ బద్ధకమైన షాటు వెతికినా దొరకదు.

ఇంకొకటి, చెయ్యి తిరగడం. మన పరిశ్రమలో అసిస్టెంటు డైరెక్టరు ఏళ్ల తరబడి క్లాప్ కొడతాడు, కంటిన్యుటీ రాస్తాడు, ఆర్టిస్టుల్ని కారెక్కిస్తాడు. తను సొంతంగా ‘యాక్షన్’ అనే రోజు వచ్చేసరికి ముప్పయ్యైదేళ్లు దాటతాయి. అప్పటిదాకా పక్కనుంచి చూడటమే తప్ప, ఇది నా తప్పు అని నేర్చుకునే అవకాశం రాదు. యాడ్ ఫిల్ము తీసేవాడికి ప్రతి నెలా షూటింగే. తీస్తాడు, ఎడిట్ చేస్తాడు, చూపిస్తాడు, తిట్లు తింటాడు, వచ్చే నెల ఇంకోటి తీస్తాడు. ఆ తిట్లకి చాలా విలువుందండీ.

పక్కన పనిచేసే మనుషులు కూడా అలాగే తయారవుతారు. ‘అంకుర్’కి సంగీతం చేసిన వనరాజ్ భాటియా వేలకొద్దీ జింగిల్స్, అంటే ప్రకటన పాటలు, కట్టిన మనిషి. లిరిల్ సబ్బు ట్యూను ఆయనదే. అరనిమిషంలో మనసులో నిలబడే వరస కట్టడం వచ్చినవాడు కాబట్టే ఎక్కడ వాయించకూడదో కూడా తెలుసు. కెమెరా పట్టిన గోవింద్ నిహలానీ, గురుదత్ సినిమాల కెమెరామన్ వి.కె. మూర్తి దగ్గర సహాయకుడిగా పనిచేసి వచ్చినవాడు.

సరే, డబ్బు సంగతికి వద్దాం. నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇదే. ‘అంకుర్’ కథ బెనెగల్ గారు చదువుకునే రోజుల్లోనే రాసుకున్నారు. నిర్మాతల చుట్టూ పుష్కరం పైగా తిరిగారు. ఎవరూ ముందుకు రాలేదు. పాటల్లేవు, స్టార్లు లేరు, తెలంగాణ పల్లెలో ఒక భూస్వామి కొడుకు, ఇంట్లో పనిచేసే ఒక దళిత స్త్రీ. ఎవరు పెడతారు డబ్బు? చివరికి పెట్టింది బ్లేజ్ అనే సంస్థ. ఆ బ్లేజ్ ఏం చేసేదనుకున్నారు? దేశంలోని సినిమా హాళ్లకి ప్రకటన చిత్రాలు పంపిణీ చేసేది! ఇందాక చెప్పానే, మన హాళ్లలో సినిమాకి ముందు పడే సబ్బు ప్రకటన, ఆ వ్యాపారం వాళ్లది. దాన్ని నడిపిన మోహన్ బిజ్లానీ, ఫ్రెనీ వరియావా ‘అంకుర్’ నిర్మాతలు. యాడ్ ఫిల్ములు తీసే మనిషిగా బెనెగల్ వాళ్లకి తెలుసు. ఇచ్చిన డబ్బులో, ఇచ్చిన టైములో పని ముగించగలడని తెలుసు. కళ మీద ప్రేమతో ఎవరో దాత వచ్చి ఇచ్చిన డబ్బు కాదది. ఏళ్ల తరబడి చేసిన పని మీద నమ్మకంతో వచ్చిన డబ్బు. 1974లో సినిమా వచ్చింది, బెర్లిన్ ఉత్సవంలో పోటీకి వెళ్లింది, షబానా అజ్మీకి, సాధు మెహర్‌కి జాతీయ అవార్డులు వచ్చాయి. ‘నిశాంత్’, ‘భూమిక’ సినిమాలకీ బ్లేజే డబ్బు పెట్టింది.

ఇప్పుడు ‘అంకుర్’లో ఒక సీను. ఊళ్లో పొలాలు చూసుకోమని తండ్రి పంపిన కుర్రాడు సూర్యగా అనంత్ నాగ్. ఇంట్లో పనిచేసే లక్ష్మిగా షబానా. ఆ అబ్బాయి ఆమెని టీ పెట్టమంటాడు. ఆమె తటపటాయిస్తుంది, నా చేత్తో పెట్టిన టీ మీరు తాగుతారా అని. కులం పట్టింపులు నాకు లేవంటాడు అతను. అంతే సీను. టీ ప్రకటన మీరందరూ చూశారు. ఆవిర్లు కక్కే కప్పు, ఆడమనిషి చెయ్యి, తాగి తృప్తిగా నవ్వే మగమనిషి. ఇక్కడా ఉన్నవి అవే: కప్పు, చెయ్యి, తాగే మనిషి. అయితే ఆ కప్పు చేతులు మారేటప్పుడు ఊళ్లో ఉన్న కులమంతా ఆ గదిలోకి వచ్చి నిలబడుతుంది. ఆ అబ్బాయి ఉదారంగా ఉన్నాడని మనం సంతోషిస్తాం, ఆ ఉదారం ఎక్కడిదాకా వస్తుందో తర్వాత సినిమా చెబుతుంది. వస్తువుని చూపించి మనిషి కోరికని చెప్పడం ప్రకటన నేర్పిన విద్య. అదే విద్యతో ఆ కోరిక వెనకున్న అన్యాయాన్ని చూపించాడీయన. నాకు ఈ సీను చూసిన ప్రతిసారీ ఒళ్లు జలదరిస్తుంది.

యాడ్స్ ఒక్కటే అన్నీ నేర్పాయని నేననను. మధ్యలో ఆయన పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో 1966 నుంచి 73 దాకా పాఠాలు చెప్పారు. హోమీ భాభా ఫెలోషిప్ మీద అమెరికా వెళ్లి న్యూయార్క్‌లో పిల్లల టీవీ కార్యక్రమాలు తీసే చోట పనిచేసి వచ్చారు. డాక్యుమెంటరీల కోసం దేశమంతా తిరిగారు.

‘మంథన్’ గురించి చెప్పకపోతే ఈ జిల్లాలో తప్పవుతుంది. పొద్దున్నే పాలకేంద్రం దగ్గర క్యాన్లు దించి, వెన్న శాతం చూపించుకునే ఇళ్లు ఇక్కడ చాలా ఉన్నాయి. 1976లో వచ్చిన ‘మంథన్’కి నిర్మాతలు గుజరాత్ పాడి రైతులు. 5 లక్షల మంది, తలా 2 రూపాయలు. 10 లక్షల్లో సినిమా అయిపోయింది. దాని వెనకున్నది అమూల్‌ని నిలబెట్టిన వర్గీస్ కురియన్. బెనెగల్ అంతకుముందే పాల సహకార ఉద్యమం మీద డాక్యుమెంటరీలు తీసి ఉన్నారు. సినిమా విడుదలయ్యాక రైతులు లారీలు కట్టుకుని వచ్చి చూశారు, వాళ్ల సినిమా కాబట్టి. తర్వాత 16 ఎం.ఎం. ప్రింట్లు పల్లెల్లో తిప్పి, చూపించి, సహకార సంఘాలు పెట్టించారు.

ఇక్కడ మీరొకటి అడగాలి. పాల సంఘం డబ్బుతో తీసిన సినిమా పాల సంఘానికి ప్రకటనే కదా? ప్రకటనే అయ్యుంటే, ఊరంతా పాల గ్లాసులు పట్టుకుని నవ్వుతుండగా అయిపోవాలి. ‘మంథన్’ అలా అవదు. అందులో డాక్టర్ రావుగా గిరీష్ కర్నాడ్ ఊరొచ్చి, పాలు పరీక్ష చేసి, డెయిరీ యజమాని తక్కువ ధర ఇస్తున్నాడని చూపిస్తాడు. సంఘం పెడతారు. పెట్టగానే ఊళ్లో కులాలు సంఘంలోకి వచ్చేస్తాయి. సర్పంచి ఓడిపోయి పగబడతాడు. డాక్టర్‌కి బదిలీ అవుతుంది, సగంలో వెళ్లిపోతాడు. మిగిలింది ఊళ్లోవాడు భోలా, ఆ వేషం నసీరుద్దీన్ షాది, సంఘాన్ని ఇక వాడు పట్టుకుని నడిపించాలి. క్లయింటుకి నచ్చే మాటలే చెప్పడం వచ్చిన మనిషి, 5 లక్షల మంది క్లయింట్లుండగా వాళ్ల ఊళ్లో పుండు వాళ్లకే చూపించాడు. వాళ్లు ఒప్పుకున్నారు. అందుకే ఆ సినిమా 2024లో బాగుచేసిన ప్రింటుతో ఫ్రాన్స్‌లోని కాన్ చిత్రోత్సవంలో మళ్లీ పడింది. ఆ సినిమాలో ప్రీతి సాగర్ పాడిన పాటని తర్వాత అమూల్ వాళ్లు టీవీ ప్రకటనకి వాడుకున్నారు. యాడ్స్ నుంచి వచ్చిన దర్శకుడి సినిమా పాట తిరిగి యాడ్‌లోకి వెళ్లింది. దాన్ని తప్పని నేననుకోను.

అన్నిసార్లూ అంత బాగా కుదరలేదు. 1987లో ‘సుస్మన్’ పోచంపల్లి నేతగాళ్ల మీద తీశారు, చేనేత సహకార సంఘాల డబ్బుతో. ఓం పురి చేసిన రాములు ఇతరుల కోసం పట్టుచీరలు నేస్తాడు, సొంత కూతురి పెళ్లికి మాత్రం పట్టుచీర కొనలేడు. ఇచ్చిన పట్టులోంచి కొంచెం మిగుల్చుకుని కూతురికి నేస్తూ పట్టుబడతాడు. బండారులంకలో, ఉప్పాడలో మగ్గం మీద కూర్చునేవాళ్లకి చూపించాల్సిన సినిమా అది. అయినా కొన్నిచోట్ల మనుషులు మాట్లాడటం మానేసి సంఘం ఉపయోగాలు చెబుతున్నట్టుంటుంది. డబ్బు పెట్టినవాడు పక్కనే కూర్చున్నాడని తెలిసిపోతుంది. మెచ్చుకునేవాళ్లం ఇది కూడా చెప్పుకోవాలి.

ఆ తర్వాత చాలా తీశారు, అన్నీ చెప్పను. నెహ్రూ పుస్తకం ఆధారంగా 53 భాగాల ‘భారత్ ఏక్ ఖోజ్’ పిల్లలకి చూపించండి. 1978లో హిందీ ‘కొండూరా’తో పాటు తెలుగులో ‘అనుగ్రహం’ తీశారు, వాణిశ్రీ, అనంత్ నాగ్, స్మితా పాటిల్ వేశారు. మనవాళ్లలో దాని పేరు తెలిసినవాళ్లే తక్కువ.

ఇందాక బయట టీ తాగుతుంటే ఒక కుర్రాడు అడిగాడు. భీమవరంలో బంగారు షాపులకీ, రొయ్యల మేత అమ్మేవాళ్లకీ రీల్స్ తీస్తుంటాడట. ‘ఇది సినిమాకి పనికొస్తుందా సార్, టైము వేస్టా?’ అన్నాడు. వాడికి నేను చెప్పాలనుకున్నది అందరికీ చెబుతాను.

నువ్వొక్కడివే కాదు నాన్నా. సత్యజిత్ రాయ్ 1943లో కలకత్తాలో డి.జె. కీమర్ అనే ఏజెన్సీలో నెలకి 80 రూపాయలకి బొమ్మలు వేసే ఉద్యోగంలో చేరాడు. తన మొదటి సినిమా ‘పథేర్ పాంచాలి’ మొదలుపెట్టినప్పుడు కూడా ఆ ఉద్యోగం మానలేదు, సెలవు రోజుల్లో షూటింగ్. మరీ దగ్గర చెప్పాలంటే, ఇక్కడికి కూతవేటు దూరంలో నరసాపురంలో పుట్టిన బాపు గారు. ఆయన మద్రాసులో జె. వాల్టర్ థామ్సన్ లాంటి యాడ్ ఏజెన్సీల్లో పనిచేశారు. 1967లో మొదటి సినిమా ‘సాక్షి’ తీయడానికి స్టూడియోలు వదిలి గోదావరి గట్టు మీద పులిదిండికి వచ్చారు. వెంట ధవళేశ్వరంలో పుట్టిన ముళ్లపూడి వెంకటరమణ గారు. బాపు గారు షాటు షాటుకీ ముందే బొమ్మ వేసుకునేవారని అందరికీ తెలుసు. కార్టూనిస్టు చెయ్యి, ఏజెన్సీ అలవాటు కలిసిన పని అది. డబ్బు తక్కువ, ఎండ అయిపోతోంది, రేవులో పడవ ఎక్కువసేపు ఆగదు అన్నప్పుడు ఆ బొమ్మ ఎంత ఆదుకుంటుందో షూటింగ్ చేసినవాడికి తెలుస్తుంది.

కాబట్టి ఆ బంగారు షాపు రీల్ ఒళ్లు దగ్గర పెట్టుకుని తియ్యి. ముఖానికి లైటు ఎలా పడుతోందో చూసుకో. గాజులు తొడుక్కునే అమ్మాయి చెయ్యి చూపిస్తే, అది ఎవరి చెయ్యో, ఇంట్లో ఏం పని చేసే చెయ్యో తెలిసేటట్టు చూపించు. షాపు ఓనరు తీసెయ్యమంటే తీసేసి ఇవ్వు, నీకు నచ్చిన ఎడిట్ నీ దగ్గర దాచుకో. ఓనరు డబ్బెక్కడ ఖర్చు పెడతాడో, దేనికి బేరమాడతాడో గమనించు, రేపు నీ సినిమాకి డబ్బిచ్చేవాడూ అలాగే ఆలోచిస్తాడు. ఇంకొకటి. బెనెగల్ ప్రకటనల్లోకి వచ్చేటప్పటికే ‘అంకుర్’ కథ ఆయన దగ్గరుంది. పదేళ్లు పైగా సబ్బులు అమ్మినా దాన్ని పోగొట్టుకోలేదు. నీ కథ ఇప్పుడే రాసుకో. నరసాపురంలో అరుగుల మీద కూర్చుని లేసు అల్లే ఆడవాళ్లున్నారు. వాళ్ల అల్లిక విదేశాలకి పోతుంది, మధ్యలో ఎవరెవరి చేతులు తడుస్తాయో నీకు నాకన్నా బాగా తెలుసు. రొయ్యల చెరువు గట్టు మీద రాత్రంతా, నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్లు చూసుకుంటూ మేలుకునే కాపలావాడున్నాడు. కరెంటు పోతే గంటలో రొయ్య తేలిపోతుందని వాడికుండే టెన్షన్ ఏ సినిమాలోనూ రాలేదింకా. ఇవి హైదరాబాద్‌లో కూర్చున్నవాళ్లు తీయలేరు. నువ్వు తీయగలవు.

ఇక సినిమా. భాష హిందీ అని పేరే గానీ మన హైదరాబాద్ దక్కనీ, సగం మాటలు తెలిసినట్టే ఉంటాయి. మాటలు సత్యదేవ్ దూబే రాశారు. కింద అక్షరాలు పడతాయి, కానీ వాటి మీదే కళ్లు పెట్టి షబానా ముఖం వదిలెయ్యకండి. లక్ష్మి భర్త కిష్టయ్యగా వేసిన సాధు మెహర్‌కి సినిమా మొత్తంలో ఒక్క మాటా లేదు, ఆయన చేతులు చూడండి. చివరి షాటు గురించి నేనిప్పుడు ఏమీ చెప్పను. సినిమా అయ్యాక ఇంకో అరగంట హాలు మనకే ఉంచుతామన్నారు, దాని గురించి అప్పుడు మాట్లాడుకుందాం.